ముందే మూసుకున్న సందు

పోయిన వారం హుస్సేన్ సాహెబ్‌ను కర్నూలులోని ఆ ఆసుపత్రి మొదటి అంతస్తులో, అద్దాల తలుపు ముందర, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. తలుపుకు అవతల ఆయన మనుమరాలు ఉంది. పుట్టి మూడు రోజులు. ఇంకా పేరు పెట్టలేదు. నెలలు నిండి, రెండూ ముప్పావు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ. ఏ వంకా పెట్టడానికి లేని బిడ్డ. అలాంటిది పుట్టిన గంటలోపే పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గొట్టం వేసి మిషనుతో ఊపిరి పోయిస్తున్నారు. ఆక్సిజన్ ఎంత పెట్టినా, రక్తంలో అది ఎంతుందో చూపే అంకె ఎనభై రెండు దగ్గర మొండికేసింది. కమలాపురం నుంచి వచ్చిన అల్లుడు అక్బర్, ఇక్కడ లాభం లేదని హైదరాబాదుకు అంబులెన్సు మాట్లాడాడు. "నేను గుండె స్కానింగు ఇంకోసారి చేసి చూసేదాకా బిడ్డను మంచం మీద నుంచి కదిలించొద్దు" అని డాక్టర్ తనూజ చెప్పి లోపలికి పోయింది. కథ అక్కడ ఆగింది.

పావుగంట తర్వాత ఆ తలుపు తెరుచుకుంది.

"పాప నాయనా, తాతా, ఇద్దరూ రాండి. చేతులు కడుక్కోండి. ఏదీ ముట్టుకోవద్దు" అంది నర్సు యశోద.

హుస్సేన్ సాహెబ్ లోపలికి పోయే ముందు వెనక్కి చూశాడు. గోడవార బెంచీ మీద ఆయన అక్క నన్నీ బీ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుని ఉంది. ఆయన భార్య పోయాక కూతురు సాజియాను పెంచింది ఆమే. పో పో అన్నట్టు గడ్డం ఎగరేసింది.

హుస్సేన్ సాహెబ్‌ది నలభై ఏళ్ళుగా ఉల్లిగడ్డల వ్యాపారం, వాళ్ళ మాటలో ఎర్రగడ్డలు. మార్కెట్ యార్డులో ఆయనకొక పేరుంది. బస్తా మూతి దగ్గర సరుకు ఆయన చూడడు. మూతి దగ్గర అన్నీ పెళ్ళికొడుకులే ఉంటాయంటాడు. బస్తా నడుం దగ్గర కుట్టు విప్పించి, లోపలినుంచి ఒక గడ్డ తీసి, బొటనవేలితో మెడ నొక్కుతాడు. మెడ గట్టిగా ఉంటే సరుకు నిలుస్తుంది. మెత్తగా ఉంటే లోపల కుళ్ళు మొదలైందని అర్థం. మనుషులను కూడా చాలావరకు ఆయన ఇదే పద్ధతిలో అంచనా వేస్తాడు. ఇంతవరకు పెద్దగా నష్టపోలేదు.

అందుకే డాక్టర్ తనూజ చేతిలోని పరికరం చూడగానే ఆయనకు ఆమె మీద గురి కుదిరింది. బొటనవేలంత మొన. దానికి చల్లదనం లేకుండా కాచిన జిగురు రాసి, బిడ్డ రొమ్ము మీద ఆనీ ఆననట్టు పెట్టింది. ఆ రొమ్ము మొత్తం హుస్సేన్ సాహెబ్ అరచేతిలో సగం లేదు. చక్రాల మిషను తెర మీద నల్లటి గదులు, వాటి మధ్య రెపరెపలాడే తలుపులు కనిపించాయి.

"అది గుండేనా తల్లీ?"

"గుండే. ఇది కుడివైపు, ఇది ఎడమవైపు. చూడండి పెద్దాయనా, కుడివైపు గది ఎట్లా ఉబ్బిందో. ఉబ్బి, ఎడమదాన్ని నొక్కేస్తోంది."

"మొన్న పాపకు సెలైన్ పెట్టినారు గదా మేడమ్, మళ్ళా మీరే తీసేయమంటిరి" అన్నాడు అక్బర్. అతని గొంతులో అనుమానం ఉంది. మూడు రోజులుగా నిద్రలేదు, అనుమానించే హక్కు అతనికి ఉంది.

"బీపీ తక్కువ ఉంటే ఎవరైనా ముందు సెలైనే పెడతారు. పైకి కనపడేది అదొక్కటే గదా. స్కాన్ చేసి చూస్తే గుండెలో రక్తం తక్కువై కాదు, ఉన్న రక్తం ముందుకు పోలేక బీపీ పడిపోతోంది. అట్లాంటప్పుడు ఇంకా నింపితే ఏమవుతుంది?"

"బస్తా మూతి చూసి లారీకెత్తినట్టయితాది" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

డాక్టర్ తనూజ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, "అంతే" అంది. "అందుకే సెలైన్ తగ్గించి, ఊపిరితిత్తుల నాళాలు వదులయ్యే మందు పెట్టినా. చూస్తాం, మందు మారుస్తాం, మళ్ళా చూస్తాం. రోజుకు మూడుసార్లు. నిన్నటికీ ఇవ్వాళ్టికీ దిగజారలేదు. మెరుగూ పడలేదు. బయటికి పదండి, అందరితో ఒక మాట మాట్లాడల్ల."

బయట పక్కగదిలో నాలుగు కుర్చీలున్నాయి. నన్నీ బీ కూడా వచ్చి కూర్చుంది. హుస్సేన్ సాహెబ్ చెప్పులు మళ్ళీ చేతికి తీసుకుని నిలబడ్డాడు.

"గుండెలో రంధ్రం లేదు. గదులు, తలుపులు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆపరేషన్ చేయాల్సిన లోపం కనపడలేదు" అంది డాక్టర్.

"అల్హందులిల్లా" అంది నన్నీ బీ.

"మరి ఇంకేంది మేడమ్?" అన్నాడు అక్బర్.

"తల్లి కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు గదా. ఊపిరితిత్తులకు పోయే దారి అప్పుడు బిగుతుగా ఉంటుంది. అందుకని రక్తం గుండె పక్కనే ఉండే చిన్న సందులోంచి పోతుంది. పుట్టి ఊపిరి తీసుకున్నాక పెద్ద దారి తెరుచుకుంటుంది. ఇంక ఆ సందుతో పనిలేదు, రెండు మూడు రోజుల్లో దానంతటదే మూసుకుంటుంది. ఈ పాపకు పుట్టిన రెండు గంటలకే నేను చూసినా. అప్పటికే సందు మూసుకొని ఉంది. అంటే కడుపులో ఉండగానే మూసుకుంది. పెద్ద దారి తెరుచుకోలేదు, సందు లేదు. రక్తం యాడికి పోవల్ల?"

డాక్టర్ తన పిడికిలి బిగించి చూపించింది.

"కుడివైపు గోడ మందంగా తయారైంది. అంత మందం ఒక పూటలో రాదు. వారాల తరబడి బరువు మోసిన గుండె అది."

బస్తాలు మోసీ మోసీ కాయకాచిన హమాలీల భుజాలు హుస్సేన్ సాహెబ్ కళ్ళ ముందు మెదిలాయి. పుట్టకముందే తన మనుమరాలు బరువు మోసిందన్నమాట. ఎవరు మోయించారు?

ఆ ప్రశ్నకు జవాబు డాక్టర్ తరువాతి మాటలోనే వచ్చింది.

"ఆ సందు ముందుగా మూసుకోవడానికి మేము ఎక్కువగా చూసే కారణం ఒకటే. ఆఖరి నెలల్లో తల్లి వాడే కొన్ని నొప్పి మందులు. సాజియా ఏమన్నా వేసుకుందా? బాగా ఆలోచించి చెప్పండి. తిట్టడానికి అడగడం లేదు."

"ఏమీ వేసుకోలేదు మేడమ్. ఐరన్ మాత్రలే" అన్నాడు అక్బర్.

"మా ఇంట్లో మాత్ర అనేదే రాదు తల్లీ" అంది నన్నీ బీ.

హుస్సేన్ సాహెబ్ చేతిలో ఒక చెప్పు జారి కింద పడింది.

ఎనిమిదో నెలలో సాజియా నడుము పట్టుకుని గోడలు పట్టుకుని నడిచేది. కూతురు అట్లా నడవడం ఆయన చూడలేకపోయాడు. యార్డులో హమాలీల మేస్త్రి గోపన్న రోజూ టీతోపాటు ఒక మాత్ర వేసుకుని, యాభై అయిదేళ్ళ వయసులో యాభై కిలోల బస్తా ఎత్తి నవ్వుతాడు. గోపన్ననే అడిగి ఆ పేరు కాగితం మీద రాయించుకుని, యార్డు గేటు పక్కన దుకాణంలో పది మాత్రల అట్ట కొన్నాడు. అక్కకు తెలిస్తే రాద్ధాంతం చేస్తుందని సాజియా చేతిలో గుట్టుగా పెట్టాడు. రోజూ పొద్దున యార్డుకు పోయే ముందు "ఏసుకున్నావా తల్లీ?" అని అడిగేవాడు. "ఏసుకున్నా నాయనా" అనేది. నాలుగైదు రోజులకు నొప్పి తగ్గిందంది. ఆ రోజు ఆయన గోపన్నకు జిలేబీ తినిపించాడు.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఏమి మిగులుతుంది? అల్లుడి ముందు పరువు మిగులుతుంది. కూతురి కళ్ళలో తన మొహం మిగులుతుంది. నోరు విప్పితే రెండూ పోతాయి. అయితే ఇంకో వైపు తక్కెడలో ఉన్నది రెండూ ముప్పావు కిలోలు. అది తేలికగా కనిపిస్తుంది గానీ, దానికి సమంగా తూగేది ఈ లోకంలో ఆయన దగ్గర ఇంకేమీ లేదు. పరాయి బస్తాల నడుములు నలభై ఏళ్ళు విప్పించినవాడు తన బస్తా దగ్గరికి వచ్చేసరికి మూతి కుట్టుకుంటే, ఆ నలభై ఏళ్ళూ దొంగ వ్యాపారమే అవుతుంది.

"నేనిచ్చినా" అన్నాడు.

"ఏమిచ్చినావు?" అంది నన్నీ బీ.

"నడుము నొప్పికి మాత్రలిచ్చినా. గోపన్న వేసుకునేటివి. ఎనిమిదో నెలలో. పది."

ముందు నన్నీ బీ లేచింది.

"ఒరే హుస్సేనూ! నీ కూతురేమన్నా లారీకి ఎర్రగడ్డలెత్తిందారా, హమాలీల మాత్రలిచ్చేదానికి? కడుపుతో ఉండేదానికి లోపలికి మందేస్తారా ఎవరన్నా? నన్నొక మాట అడిగింటే నీ సొమ్మేం పోతాండె?"

"నువ్వు అరుస్తావనే అడగలే అక్కా."

"ఇప్పుడు అరవకుండా పాట పాడతాండానా?"

అక్బర్ అరవలేదు. అది హుస్సేన్ సాహెబ్‌కు ఇంకా కష్టంగా తోచింది. అతను, "గొర్రెలకు మందు తెచ్చినట్ల తెచ్చినావా మామా?" అన్నాడు. అంతే అన్నాడు.

"సాహెబ్ గారు చెప్పడమే మంచిదయింది" అంది డాక్టర్ తనూజ. "కారణం మందే అయితే ఇది చాలావరకు తగ్గేదే. మందు ప్రభావం ఇంక లేదు. నాళాలు మెల్లగా వదులవుతాయి. ఒక వారం, పది రోజులు మనం గుండెను చూసుకుంటూ దాటించల్ల. నూటికి నూరు అని నేను చెప్పను. కానీ ఆగడానికి ధైర్యం ఉంది. ఇప్పుడు నాలుగు గంటలు రోడ్డు మీద తీసుకుపోతే కుదుపులకు ఆ నాళాలు ఇంకా బిగుసుకుంటాయి. దారిలోనే ఏమన్నా కావచ్చు."

"మందు కారణం కాకపోతే?" అన్నాడు అక్బర్.

"కాకపోతే ఊపిరితిత్తుల నాళాల్లోనే పుట్టుకతో లోపముందేమో చూడల్ల. ఆ పరీక్షలు ఈడ లేవు. అప్పుడు ప్రమాదమని తెలిసీ పంపించాల్సి వస్తుంది. ఇప్పుడా అవసరం లేదనుకుంటున్నా."

అక్బర్ ఫోన్ తీసి అంబులెన్సు డ్రైవరుకు చేశాడు. "నెహెమ్యా అన్నా, యాడుండావు?"

"ఆసుపత్రి ముందరే ఉండా సార్. స్ట్రెచర్ దించల్నా?"

"వద్దన్నా. పోవడం లేదు."

"మంచిదే సార్, పోకుంటేనే మంచిది. టీ తాగి పోతా."

డాక్టర్ లోపలికి పోయింది. ముగ్గురూ వరండాలోకి వచ్చారు. అక్బర్ మామ పక్కకొచ్చి, ఆయన చేతిలోని ఒక చెప్పూ తీసి, గదిలో పడ్డ రెండోదాన్ని తెచ్చి, రెండూ బెంచీ కింద పెట్టాడు.

"మూడు దినాల నుంచీ మోస్తాండావు. కూర్చో మామా."

"నన్ను తిట్టప్పా. తిడితే కొంచెం నయంగా ఉంటాది."

"తిడతా. పాప ఇంటికి రానీ, నామకరణం దినం బంధువులందరి ముందర తిడతా. అప్పుడు గోపన్నను గూడ పిలువు."

హుస్సేన్ సాహెబ్ నవ్వబోయి తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నన్నీ బీ మాత్రం తగ్గలేదు. "నా చేతుల మీద పెంచినా ఆ పిల్లను. ఒక్క దినం నొప్పి అంటే నేను చూసుకోనా? నీకెందుకురా వైద్యం? ఎర్రగడ్డలు చూసుకోక!" అని తమ్ముణ్ణి వదలకుండా దులుపుతోంది. దులుపుతూనే సీసాలోని నీళ్ళు ఆయన చేతికిచ్చింది. "తాగు. పొద్దున్నుంచి గొంతు తడుపుకోలే" అంది.

ఇంతలో లిఫ్టు తెరుచుకుని సాజియా వచ్చింది. సిజేరియన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. యశోద ఒక చెయ్యి పట్టుకుంది. ఇంకో చేతిలో, పిండిన పాలు ఉన్న చిన్న గిన్నె. నిండా రెండు చెంచాలు లేవు. నిండు కుండను మోసినట్టు మోసుకొస్తోంది.

"ఏమైంది? అందరూ ఇట్లుండారే? పాపకు..." ఆమె అద్దాల తలుపు వైపు చూసింది.

"పాప బాగుండాది తల్లీ" అన్నాడు హుస్సేన్ సాహెబ్ లేచి. "బాగుంటాదంట. తప్పు నాది. నేనిచ్చిన మాత్రలే పాప గుండె మీదికొచ్చినాయంట. నువ్వు నన్నేమన్నా అను."

"ఏ మాత్రలు?"

"నడుము నొప్పివి. గోపన్నవి."

సాజియా గిన్నెను యశోద చేతికిచ్చింది. తండ్రి మొహంలోకి చూసింది. "అవి నేను యాడ ఏసుకున్నా నాయనా?"

"రోజూ ఏసుకున్నా అంటివి గదా!"

"అంటి. ఆశా వర్కరు అక్క చెప్పింది, మమ్మల్నడక్కుండా ఏ మాత్రా మింగొద్దని. నీకు ఆ మాట చెప్తే మొహం చిన్నబుచ్చుకుంటావని చెప్పలే. ఏసుకున్నా అంటే నువ్వు ఎంత కులాసాగా యార్డుకు పోతాంటివి!" ఆమె భుజానికున్న సంచిలోంచి ఆసుపత్రి కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తీసింది. కార్డు వెనక నుంచి మాత్రల అట్ట లాగింది. "ఇదో. పారేయబుద్ధి కాలే. నువ్వు తెచ్చినావు గదా."

హుస్సేన్ సాహెబ్ అట్ట తీసుకుని బొటనవేలితో ఒక్కొక్క గుబ్బనూ తడిమాడు. పది. ఒక్కటీ చిట్లలేదు.

ఆయన గుండెల మీది నుంచి ఒక బస్తా దిగింది. దిగిన తేలిక పూర్తిగా తెలియకముందే అక్బర్ మొహం చూశాడు. ఆ మొహంలో రంగు లేదు. అప్పుడు అర్థమైంది. తప్పు తనదైతే బిడ్డ నిలుస్తుంది. తప్పు తనది కాకపోతే బిడ్డ నాలుగు గంటల దారి పోవాలి. నలభై ఏళ్ళలో ఇట్లాంటి కాటా ఆయన చూడలేదు. తన వైపు నష్టం తగ్గేకొద్దీ బిడ్డ వైపు నష్టం బరువెక్కుతోంది.

"ఒక్కటన్నా ఏసుకోలేదా తల్లీ?" అన్నాడు. గొంతు బతిమాలుతోంది. "బాగా గుర్తు చేసుకో. సగం ముక్కన్నా? నొప్పి శానా ఉన్న దినం?"

"లేదు నాయనా. ఎందుకట్లా అడుగుతాండావు?"

యశోద అప్పటికే లోపలికి పోయి డాక్టర్ తనూజను పిలుచుకొచ్చింది. డాక్టర్ అట్టను తిప్పి చూసింది, సాజియాను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా ఒంగింది.

"జ్వరానికి, తలనొప్పికి, పంటినొప్పికి? ఇంకే మాత్రన్నా? ఇంజెక్షన్?"

"ఏమీ లేదు మేడమ్. ఐరన్ మాత్రలు, కాల్షియం. అంతే మింగినా."

డాక్టర్ నిటారుగా నిలబడింది. ఆమె కళ్ళు అద్దాల తలుపు వైపు పోయాయి. అక్బర్ ఆ చూపును చదివాడు. వరండా చివరికి నడిచి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "నెహెమ్యా అన్నా, పోయినావా? పోకుంటే ఒక్క నిమిషం ఆగు."

"సాజియా" అంది డాక్టర్ మెల్లగా, "మాత్ర వేసుకోకపోతే మరి నడుము నొప్పి ఎట్లా తగ్గింది?"

సాజియా తల తిప్పి బెంచీ వైపు చూసింది. అందరూ అటే చూశారు. ఇంతసేపూ తమ్ముణ్ణి దులిపిన నన్నీ బీ నోరు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. తస్బీ ఒడిలో పడి ఉంది. ఆమె తన రెండు అరచేతులూ తెరిచి, వాటిలో ఏదో రాసి ఉన్నట్టు చూసుకుంటోంది.

"నేను మింగిచ్చలే తల్లీ" అంది. "లోపలికి ఏమీ ఇయ్యలే. పూసినా. మెడికల్ షాపులో దొరికే నొప్పుల ట్యూబు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. రెండు నెలలు. తగ్గుతాండాది అంటే ఇంకా ఎక్కువ పూసినా."

ఆమె చేతులు డాక్టర్ ముందుకు చాచింది.

"పూసేది గూడ లెక్కకొస్తాదా డాక్టరమ్మా?"

డాక్టర్ తనూజ నోరు తెరిచింది. వరండా చివర అక్బర్ ఫోన్లోంచి నెహెమ్యా గొంతు వినిపిస్తూనే ఉంది. "సార్, బండి స్టార్ట్ చేసినా. పైకి రావల్నా, పోవల్నా? ఒక మాట చెప్పండి సార్."